ఊపిరి విడుచు బిలము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



కిష్కింధాకాండ కథ యెఱుగనివారు ఈ సభయందుండరు. సీతాన్వేషణకై దక్షిణదిక్కునకు పోయిన వానరులు ఆకలిదప్పులచే డస్సి యొక బిలద్వారమును గాంచిరి. దానిలోనుండి నీటిపక్షులు తడిసిన రెక్కలతో వెలికి వచ్చుచుండుట చూచి, లోపల నీరు తప్పక యుండునని యూహించి, కన్ను కానరాని చీకటిలో ఒకరినొకరు పట్టుకొని లోనికి నడచిరి. చొచ్చుట వారికి సులభమేయయ్యెను. వెలికి వచ్చుట మాత్రము స్వయంప్రభ దయ లేనిదే సాధ్యము కాలేదు. చీకటిలోనికి పోవువానికి ధైర్యమొక్కటియే చాలదనియు, తిరిగివచ్చు దారి కూడ తెలిసియుండవలెననియు ఆ కథ బోధించుచున్నది.

నేటి ప్రసంగమునకు విషయమైన బిలము మన పురాణములలోనిది కాదు. అది అమెరికా సంయుక్త రాష్ట్రములలో, సౌత్ డకోటా రాష్ట్రపు నైరుతి మూలను, బ్లాక్ హిల్స్ అను కొండలలో కలదు. ఆ కొండలు దట్టమైన దేవదారుజాతి వృక్షములతో దూరమునకు నల్లగా గానవచ్చుటచే వాటికి నల్లకొండలని పేరు కలిగెను. వాటి దక్షిణపు అంచున, హాట్ స్ప్రింగ్స్ అను పట్టణమునకు సమీపమున, సుమారు 34 వేల యెకరముల విస్తీర్ణముగల జాతీయోద్యానమొకటి యున్నది. దాని పేరు విండ్ కేవ్, అనగా గాలిగుహ. 1903వ సంవత్సరము జనవరి 9వ తేదీన అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దానిని జాతీయోద్యానముగా నేర్పరచెను. ఒక గుహను కాపాడుటకై జాతీయోద్యానము నెలకొల్పుట ప్రపంచమున అదియే మొదటిసారి.

ఆ ఉద్యానము రెండంతస్తుల యిల్లు వంటిది. పై అంతస్తు గడ్డిమైదానము, దానిలో తిరుగు మృగములు. క్రింది అంతస్తు గుహ. యాత్రికులలో పెక్కురు క్రింది అంతస్తును చూచి పైదానిని మఱతురు. కొందఱు పైమృగములను చూచి సంతసించి కాళ్లక్రింద నున్నదానిని తలపోయరు. రెండింటిని కలిపి చూచినవానికే ఆ చోటు అర్థమగును.

మొదట ద్వారము సంగతి. గుహకు సహజముగా నేర్పడిన ద్వారము మూరెడు వెడల్పైనను లేని రాతికంత. 1881లో జెస్సీ బింగ్‌హామ్, టామ్ బింగ్‌హామ్ అను సోదరులిద్దఱు ఆ ప్రాంతమున పోవుచుండగా ఈలవంటి ధ్వని వినవచ్చెను. ధ్వని వచ్చు తావు వెదకి కంతపై వంగిచూడగా లోపలినుండి గాలి వేగముగా వీచి టామ్ తలపైనున్న టోపీని ఎగురగొట్టెను. కొన్నిదినములకు జెస్సీ తన స్నేహితులకు ఆ వింత చూపదలచి వారిని వెంటబెట్టుకొని వచ్చెను. ఈసారి గాలి దిక్కు మారియుండెను. కంత టోపీని లోనికి పీల్చుకొనెను. నవ్వుకొనుటకు తగిన కథయే గాని, గుహ స్వభావమంతయు దానిలో నిమిడియున్నది.

గాలి ఏల వెలికి వచ్చును, ఏల లోనికి పోవును? కమ్మరి కొలిమితిత్తిని చూచినవారికి ఇది సులభముగా బోధపడును. లోపల గుహ అతివిశాలము, వెలుపలికి దారులు అతిస్వల్పము. ఆకాశమున వాయుపీడనము హెచ్చియున్న దినమున వెలుపలి గాలి లోనికి త్రోయబడును. గాలివాన రానున్నప్పుడు పీడనము తగ్గును. అప్పుడు లోపలి గాలి వెలికి పరుగెత్తును. కావున ఆ కంత మనుష్యులు చేయని భారమితి వంటిది. ఇంత గాలి యింతకాలము వీచుచున్నదన్నచో లోపల ఎంత ఖాళీ యుండవలెనని శాస్త్రజ్ఞులు లెక్కవేసి, ఇంతవరకు మనుష్యులు కనుగొన్నది ఆ గుహలో స్వల్పభాగమేనని యెంచుచున్నారు.

అయితే బింగ్‌హామ్ సోదరులు ఆ బిలమును కనుగొనిరనుట న్యాయము కాదు. వారి టోపీలకు పూర్వమే, తరతరములుగా ఆ బిలమును ఎఱిగినవారు కలరు. వారు లకోటా జాతీయులు. భూమి ఊపిరి విడుచు చోటని వారు దానికి పేరు పెట్టుకొనిరి. తమ జాతి పుట్టుక అచటనే జరిగినదని వారి విశ్వాసము. పెద్దలు పిల్లలకు చెప్పు ఆ కథ సంగ్రహముగా నిట్లున్నది.

పూర్వము మనుష్యులు భూమిక్రింద నివసించుచుండిరి. భూమిపై మనుష్యునకు కావలసినవి యింకను సిద్ధము కాలేదు. ఇక్తోమి యను మాయావి, రెండు మొగములుగల యొక స్త్రీ కలిసి, తోడేలుచేత రుచిగల మాంసమును, అందమైన వస్త్రములను క్రిందికి పంపి మనుష్యులకు ఆశపుట్టించిరి. టోకాహే యను పెద్ద, సృష్టికర్త యాజ్ఞ లేనిదే కదలరాదని నిలిచిపోయెను. కొందఱు మాత్రము తోడేలు వెంట బిలమార్గమున పైకి వచ్చిరి. వేసవి సుఖముగా గడచెను. శీతకాలము రాగానే తిండిలేక యేడ్చిరి. ఆజ్ఞ మీరినందుకు సృష్టికర్త వారిని బైసను మృగములుగా మార్చెను. భూమి సిద్ధమైన పిదప టోకాహే మిగిలినవారిని వెంటబెట్టుకొని, దారిలో నాలుగుతావుల నిలిచి ప్రార్థించుచు పైకి వచ్చెను. ఆ మృగముల అడుగుజాడలను అనుసరించి బ్రతుకుడని వారికి ఆజ్ఞ యయ్యెను. మరల ఎవరును క్రిందికి పోకుండ, వచ్చిన దారి మఱవకుండ, సృష్టికర్త ఆ ద్వారమును చిన్నకంతగా కుదించెను.

ఈ కథను వింతకథయని తోసివేయరాదు. తిండి, బట్ట, గుడారము, పనిముట్లు అన్నియు ఒక్క మృగమునుండియే పొందిన జాతి, ఆ మృగమును తమ తోబుట్టువుగా తలంచినదని దీని తాత్పర్యము. గోవును తల్లియనిన దేశమువారికి ఇది తెలియరానిది కాదు.

ఇక గుహలోనికి పోయినవారి సంగతి. 1890లో మెక్‌డొనాల్డ్ అను నాతడు ఒక గని సంఘము తరపున ఆ స్థలమును కనిపెట్టియుండుటకు కుటుంబముతో వచ్చెను. ఖనిజమేమియు దొరకలేదు. కాని అతని కుమారుడు ఆల్విన్ అను బాలునకు ఆ గుహయే లోకమయ్యెను. అప్పటికి వానికి పదునారు పదునేడేండ్లు. చేతిలో క్రొవ్వొత్తి, దారి తప్పకుండుటకు దారపుఉండ, ఇవియే వాని సాధనములు. దారపు కొనను ముందు కట్టి, విప్పుకొనుచు పోయి, తిరిగి చుట్టుకొనుచు వచ్చెడివాడు. మూడేండ్లకు పైగా అట్లు తిరిగి, నడచిన దారులను, చూచిన గదులను, వాటికి తాను పెట్టిన పేర్లను దినచర్య పుస్తకమున వ్రాసియుంచెను. ఎనిమిది పది మైళ్ల దారిని అతడు చూచెనని అంచనా. తుదకు, ఈ గుహకు అంతము కనుగొందునను తలంపు విడిచితినని తన పుస్తకమున వ్రాసికొనెను. ఆ మాట వ్రాసిన తరువాతను అతడు లోనికి పోవుట మానలేదు. అంతము దొరకదని తెలిసియు కొలుచుట మానని ఆ బాలుని గుణము మెచ్చదగినది.

1893లో షికాగో నగరమున జరిగిన గొప్ప ప్రదర్శనమునకు తండ్రితో కూడ పోయి గుహను గూర్చి లోకమునకు తెలుపబోయెను. అచట సంనిపాతజ్వరము సోకి, ఇల్లు చేరి, ఆ యేటి డిసెంబరు మాసమున ఇరువదియేండ్ల ప్రాయముననే మరణించెను. బిలద్వారమునకు చేరువనే అతని సమాధి యున్నది. అతడు విడిచిన పనిని పిదపవారు కొనసాగించి, నేటికి 150 మైళ్లకు పైగా, అనగా 240 కిలోమీటర్లకు మించిన దారులను కొలిచి పటము వ్రాసిరి. మన నంద్యాల జిల్లాలోని బెలుం గుహల పొడవు సుమారు 3,229 మీటర్లని తలచుకొన్నచో ఈ లెక్క ఎంతటిదో తెలియును. ఇంతదారియు ఒకటి రెండు చదరపు మైళ్ల నేలక్రిందనే, అంతస్తుపై అంతస్తుగా, మెలికలు తిరిగి యున్నది. ప్రపంచమునందలి మిక్కిలి పొడవైన గుహలలో అది యొకటి.

నేటి యాత్రికునకు దారపుఉండతో పనిలేదు. ఉద్యానపు ఉద్యోగి వెంటనుండి చూపును. 1930లలో ప్రభుత్వము నిరుద్యోగ యువకులకు పనికల్పించుటకై నెలకొల్పిన దళమువారు మెట్లను, బాటలను నిర్మించిరి. సహజద్వారము ప్రక్కన తొలిచిన ద్వారమునుండి దిగువారికి సుమారు 300 మెట్లు కలవు. లోపల ఏ ఋతువునందైనను చలి 54 డిగ్రీల ఫారెన్‌హీటు, అనగా 12 డిగ్రీల సెంటిగ్రేడుకు అటునిటుగా నుండును. మండువేసవిలో దిగినవాడు కూడ ఉన్ని వస్త్రము తీసికొనిపోవుట మంచిది.

మన అనంతగిరి కొండలలోని బొర్రా గుహలను చూచినవారు, నీటిబొట్లు జారిజారి కట్టిన సున్నపు స్తంభములు ఇక్కడను ఉండునని తలంతురు. గాలిగుహ పొడిగుహ, అట్టివి అచట అరుదు. దాని సొగసు వేఱు. కప్పునను గోడలయందును పలుచని రాతిరేకులు ఒండొంటిని ఖండించుచు, తేనెపట్టు గదులవలె, లేదా పాతమేడల గవాక్షములందలి అల్లికవలె కానవచ్చును. దీనిని బాక్స్‌వర్క్ అందురు. ప్రపంచమున తెలిసిన ఈ జాతి అల్లికలో నూటికి తొంబదియైదు పాళ్లు ఈ యొక్క గుహయందే యున్నదని చెప్పుదురు.

అది యేర్పడిన తీరు వినదగినది. 30 కోట్ల సంవత్సరములకు పైబడిన కాలమున అచట వెచ్చని లోతుతక్కువ సముద్రముండెను. ఆ సముద్రపు అడుగున సున్నపురాయి పేరుకొనెను. రాతియందు బీటలు పుట్టెను; ఆ బీటలయందు కాల్సైటు అను గట్టి ఖనిజము నిండెను. తరువాత వచ్చిన నీరు మెత్తని రాతిని కరగించి తీసికొనిపోయెను, గట్టిరేకులు నిలిచిపోయెను. గోడ కూలిపోయి, ఇటుకల నడుమనున్న సున్నము మాత్రము నిలిచిన యట్లున్నది ఆ దృశ్యము. ఒకనాటి బీటలే నేటి యలంకారములైనవి.

నడుమ నొకచోట ఉద్యోగి అందఱిని నిలిపి దీపములార్పును. అమావాస్యరాత్రి చీకటి యైనను నక్షత్రములు కొంత వెలుగునిచ్చును. అచట కన్ను తెరచినను మూసినను భేదము లేదు. చేయి మొగమునకు చేర్చుకొన్నను కానరాదు. క్రొవ్వొత్తి యారిపోయిన యెడల దారమును తడవుకొనుచు వెలికి రావలసిన ఆ బాలుని ధైర్యము ఆ క్షణమున ప్రతియాత్రికునకును తెలియవచ్చును.

ఇచట భూమిహక్కు విషయము చెప్పక తప్పదు. మెక్‌డొనాల్డ్ కుటుంబమును, వారితో భాగస్వామ్యము చేసిన స్టేబ్లర్ అను నాతనివారును గుహను చూపి రుసుము పుచ్చుకొనుచుండిరి. కొంతకాలమునకు వారికి వివాదము పుట్టి ప్రభుత్వమువద్దకు పోయిరి. గని త్రవ్వుటకని తీసికొన్నచోట గని లేదు. సేద్యమునకని తీసికొన్నచోట సేద్యము లేదు. కాబట్టి ఉభయులకును హక్కులేదని 1899లో తీర్పయ్యెను. పిదపనే ఉద్యానము వెలసినది.

అంతకు ముందటి హక్కు ఎవరిది? ఆ పత్రము కూడ కలదు. 1868లో ఫోర్ట్ లారమీ అను చోట అమెరికా ప్రభుత్వము సూ జాతులతో సంధి చేసికొనెను. లకోటాలు ఆ జాతులలోనివారే. నల్లకొండలతో కూడిన విశాలభూమి వారి నిరాటంకమైన అనుభవమునందుండునని సంధియందు వ్రాయబడెను. ఆ భూమిలో నేభాగమునైనను విడిచిపెట్టవలెనన్నచో వయోజనులైన పురుషులలో నాలుగింట మూడుపాళ్లవారు చేవ్రాలు చేయవలెనని షరతు కలదు. 1874లో కస్టర్ అను సేనాని దండుతో వచ్చి ఆ కొండలలో బంగారమున్నదని ప్రకటించెను. బంగారమనగానే జనము తండోపతండములుగా వచ్చిపడెను. కావలసిన చేవ్రాళ్లలో స్వల్పభాగమే దొరకినను, 1877లో చట్టము చేసి ప్రభుత్వము కొండలను తీసికొనెను.

సూ జాతులవారు న్యాయస్థానములకెక్కిరి. వ్యవహారము తరములు గడచెను. 1980లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము, భూమి తీసికొనుట న్యాయమైన పరిహారము లేక జరిగినదని నిర్ణయించి, వడ్డీతో కూడ పదికోట్ల యేబది లక్షల డాలర్లకు మించిన పరిహారము నిలిపెను. కొండలు అమ్మకమునకు లేవని చెప్పి వారు ఆ సొమ్మును ముట్టలేదు. అది ప్రభుత్వపు ఖాతాయందే వృద్ధిచెంది నూరుకోట్ల డాలర్లను దాటినది. వారు ధనవంతులై కాదనలేదు. వారి నివాసప్రాంతములు ఆ దేశమున మిక్కిలి బీదవాటిలో చేరినవి. పత్రమునందలి మాటకు వెల కట్టరాదని వారి పట్టు. భూమిపై ఆశ ఎట్టిదో, భూమికై వ్యాజ్యము ఎట్టిదో ఎఱిగిన గ్రామస్థులకు ఈ పట్టు యొక్క బరువు వేరుగ చెప్పనక్కఱలేదు.

ఇక పై అంతస్తునకు వత్తము. చెట్లు లేక కనుచూపుమేర గడ్డి పెరిగిన మైదానమును అచట ప్రెయిరీ అందురు. ఈ యుద్యానమున మైదానపు గడ్డియు, కొండల పైన్ వృక్షములును సరిహద్దు తగవులాడుకొను దాయాదులవలె ఎదురెదురుగా నిలిచియున్నవి. కార్చిచ్చు లేనియెడల చెట్లు మైదానముపైకి వచ్చును. కార్చిచ్చు వచ్చినచో లేతచెట్లు మాడి గడ్డి మరల చిగిర్చును. అందుచే అధికారులు కాలము చూచి, కాపలా నుంచి, తామే నిప్పు పెట్టుదురు.

ఆ మైదానమునకు రాజు బైసను. అది మన అడవిదున్నకు దూరపు చుట్టము. మూపు ఎత్తుగా, తల క్రిందికి వ్రేలాడుచు, ముందుభాగమంతయు జూలుతో నిండియుండును. ముదురు పోతు దాదాపు 900 కిలోగ్రాముల బరువు తూగును. అంత బరువుతోను గుఱ్ఱమువలె పరుగెత్తగలదు. ఒకప్పుడు ఆ ఖండమున ఇవి కోట్లకొలది యుండెడివి. పందొమ్మిదవ శతాబ్దమున రైలుదారులు వచ్చిన పిదప, తోళ్లకొఱకును, వాటిపై బ్రతుకు జాతులను లొంగదీయుటకును వేటకాండ్రు వాటిని కుప్పలుగా చంపిరి. 1890 ప్రాంతమునకు మిగిలినవి వేయికి లోపే. కోట్లు వేయికి దిగినది ఒక మనుష్యుని జీవితకాలములోనే.

అప్పుడు కొందఱు మేల్కొనిరి. 1913లో న్యూయార్కు నగరపు జంతుప్రదర్శనశాలనుండి 14 బైసనులను రైలులో హాట్ స్ప్రింగ్స్‌నకు తెచ్చి, అచటినుండి ఈ మైదానమునకు చేర్చిరి. 1916లో యెల్లోస్టోన్ ఉద్యానమునుండి మరి 6 వచ్చినవి. ఆ యిరువదింటి సంతతియే నేడు అచట వందలకొలదిగా మేయుచున్నది. గడ్డికి మించి మంద పెరిగినప్పుడు కొన్నింటిని ఇతర స్థలములకు పంపుదురు. వాటిలో కొన్ని ఆదిమజాతుల మందలను చేరుచున్నవి. బిలమునుండి వచ్చి బైసనులైనారని లకోటాలు చెప్పుకొను ఆ తోబుట్టువులు, రైలుపెట్టెలలో నెక్కి, తాము పుట్టిన బిలమువద్దకే తిరిగివచ్చుట విచిత్రమైన సంగతి.

మైదానమున మరియొక జాతి కలదు. పేరు ప్రెయిరీ డాగు. పేరునందు కుక్క యున్నను అది ఉడుతజాతి జంతువు. అవి వందలకొలది బొరియలు త్రవ్వుకొని ఊళ్లు కట్టుకొనును. కావలి యున్న జంతువు వెనుకకాళ్లపై నిలిచి, గ్రద్దగాని నక్కగాని కానవచ్చిన తోడనే కూతవేయును. ఊరంతయు బొరియలలో దూరును. అవి కొఱికిన చోట లేతగడ్డి మొలచుటచే బైసనులు అచటికే మేతకు వచ్చును. వాటి పాతబొరియలలో గుడ్లగూబలు, పాములు కాపురముండును. పశువుల మేత తినివేయుచున్నవని రైతులు వాటికి విషము పెట్టిరి, రోగములును తోడయ్యెను. వాటినే తిని బ్రతుకు నల్లకాళ్ల ఫెరెట్ అను, మన ముంగిసను పోలిన జంతువు దానితో నశించెను. లోకమున ఇక లేదనుకొనిన కాలమున, 1981లో వయోమింగ్ రాష్ట్రమున ఒక రైతు కుక్క ఒకదానిని చంపి యింటికి తెచ్చెను. దాని జాడపట్టి వెదకి, బ్రతికియున్న 18 ఫెరెట్లను పట్టి పెంచిరి. వాటి సంతతిని 2007లో గాలిగుహ మైదానమున విడిచిరి. ఒక జంతువును చంపిన విషము రెండవదానిని గూడ చంపునని ఈ వృత్తాంతము చెప్పుచున్నది.

యాత్రికుడు పాటింపవలసిన నియమములు కొన్ని కలవు. బైసనునకు 25 గజముల దూరమున నుండవలెను. సాధువువలె మేయుచున్నదని దగ్గరకు పోయి గాయపడినవారు ఆ దేశమున పలువురు కలరు. గుహలోని రాతిరేకును చేతితో తాకరాదు. కోట్ల యేండ్లు నిలిచినది ఒక్కవ్రేలి ఒత్తిడికి విరుగును. బిలద్వారముకడ లకోటాలు ప్రార్థించుకొను గుర్తులు కానవచ్చిన యెడల, మన దేవాలయమున ప్రవర్తించు మర్యాదనే చూపవలెను.

సభ్యులారా! ఉద్యానము ఏర్పడనిచో ఆ గుహ అల్లికలు విరిచి అమ్ముకొనువారి పాలయ్యెడివి. బైసను ఆ మైదానమున ఉండెడిది కాదు. ఇది నిజము. ఆ భూమిని మొదట పవిత్రమని కాపాడుకొనినవారికి ఇచ్చిన మాట తప్పినది. ఇదియు నిజమే. రెండవ నిజమును చెప్పుటచే మొదటి నిజము చిన్నది కాదు. ఒక పద్దు వ్రాసి వేఱొక పద్దును దాచినచో ఆ లెక్క నిలువదు.

మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండినవి. మనలో అంతదూరము పోయి చూడగలవారు అరుదు. చదివి తెలిసికొనుటకు మాత్రము అందఱికిని వీలున్నది. చదువుటతోపాటు చేయదగిన పని యింకొకటి కలదు. ఆల్విన్ అను బాలుడు క్రొవ్వొత్తి వెలుగున చూచినదానిని కాగితముపై నుంచనిచో, నేడు అతని పేరు ఈ సభలో వినబడెడిది కాదు. మన చెఱువు, మన కొండ, మన పాతబావులు, వాటిని గూర్చి పెద్దలు చెప్పు మాటలు, ఏయేట ఎంత నీరు వచ్చినది, ఏ పక్షి ఏ మాసమున దిగినది, ఇవన్నియు ఎవరైన వ్రాసియుంచిరా? గ్రంథాలయమున ఒక తెల్లకాగితముల పుస్తకమును ఉంచి, చూచినదానిని చూచినట్లు, తేదీతో, కొలతతో వ్రాయుటకు యువకులను పురికొల్పుట ఈ రజతోత్సవమునకు తగిన కార్యము. ఆ పుస్తకమునకు చివరిపుట యుండనక్కఱలేదు. అంతము దొరకదని తెలిసియు ఆ బాలుడు మరునాడు మరల దారపుఉండ చేతబట్టి లోనికి పోయెను.

స్వస్తి.